22 అడుగుల మందం గోడ

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చిన అంశం 19వ శతాబ్దపు అమెరికా నగర వాస్తుశిల్పులు. అందరినీ చుట్టబెట్టను. ఫిలడెల్ఫియా సిటీ హాల్ గీసిన జాన్ మెకార్థర్ జూనియర్ గురించే చెప్తాను. శిఖరం మీదున్న, పెన్సిల్వేనియా స్థాపకుడు విలియం పెన్ విగ్రహం అందరికీ తెలుసు, దాని శిల్పి కాల్డర్ పేరూ తెలుసు. దాన్ని మోస్తున్న గోపురం ఎవరిదంటే మాత్రం జవాబు రాదు. అదే నా బాధ.

మెకార్థర్ 1823లో స్కాట్లండ్‌లో పుట్టి, చిన్నతనంలోనే ఫిలడెల్ఫియా వచ్చి వడ్రంగం నేర్చుకున్నారు. అంతర్యుద్ధంలో సైనిక ఆసుపత్రులు కట్టారు. మోవర్ ఆసుపత్రిలో వార్డులన్నీ నడవా చుట్టూ చక్రం ఆకుల్లా విడివిడిగా ఉంటాయి, ప్రతి వార్డుకీ రెండు పక్కలా గాలి ఆడాలని. హోటళ్లూ కట్టారు, వాటి జోలికి పోను.

గోపురానికి వస్తాను. ఎత్తు విగ్రహంతో కలిపి 548 అడుగులు. అడుగున గోడ మందం 22 అడుగులు. బాబూ, ఒకసారి వెనక్కి తిరిగి చూడండి: ముందు వరుస నుంచి సుమారు ఎనిమిదో వరుస దాకా, అంతా ఒకే గోడ! ఎందుకంత? లోపల ఉక్కు చట్రం లేదు. పై వరుసల బరువంతా కింది వరుసే మోయాలి. గాలి తోసినప్పుడు ఒక పక్క రాళ్లు విడిపోబోతాయి, సున్నం ఆ లాగుడుకి ఆగదు. గోడ సొంత బరువే వాటిని అదిమి పట్టాలి. పునాది ఒక పక్క ఎక్కువ దిగితే గోపురం ఒరుగుతుంది. అందుకే అడుగున 100 అడుగుల చదరం, ఎనిమిదిన్నర అడుగుల మందం కాంక్రీటు పరిచారు. సుమారు 337 అడుగుల పైన రాయి ఆపి ఇనుము వాడారు. పైదాకా రాయే పేరిస్తే అడుగు గోడ ఇంకా లావెక్కాలి. ఇనుముకి తుప్పు భయం, అందుకని అల్యూమినియం పూత.

ఉక్కు చట్రం వాడలేదని ఆయన్ని పాతకాలం మనిషి అంటారు. అన్యాయమండీ! సిటీ హాల్ నమూనా పోటీ గెలిచింది 1869లో, పని మొదలైంది 1871లో. షికాగోలో లోహపు చట్రంతో హోమ్ ఇన్సూరెన్స్ భవనం లేచింది 1885లో. అప్పటికి ఇక్కడ గోడలు లేచిపోయాయి. మధ్యలో పునాది మార్చమంటారా? 1890 జనవరిలో ఆయన పోయారు. పని 1901 దాకా సాగింది.

1950లలో ఈ భవనాన్ని కూల్చేద్దామన్నారు. ఆ గోడల్ని పడగొట్టే ఖర్చు లెక్కేశారు. నగరం దివాలా తీసేంత తేలింది. వదిలేశారు.