లోడ్ పెట్టగానే వోల్టేజ్ పడిపోతోందా? ఇంట్లో కట్టిన ఇన్వర్టర్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు బల్ల మీద ఉన్నది ఇంట్లో కట్టిన ఇన్వర్టర్. పల్సులు పుట్టించే సీడీ4047 ఐసీ, వాటికి స్విచ్‌ల్లా పనిచేసే రెండు ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్లు, తిరగేసి పెట్టిన (12 వోల్టుల వైపు బ్యాటరీ, రెండో వైపు ఔట్‌పుట్) 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 5 ఆంపియర్లది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు కట్టేది దాదాపు ఇదే. కంప్లైంట్ కూడా ఒకటే: ఖాళీగా ఉన్నంతసేపూ బాగానే చూపిస్తుంది, బల్బు పెట్టగానే చతికిలబడుతుంది.

చూడండి, లోడ్ లేకుండా 220 వోల్టులు. ఇప్పుడు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెడుతున్నా... 165. బల్బు ఎర్రగా, నీరసంగా వెలుగుతోంది. అన్నట్టు ఇది ఏ ఆకారం ఏసీనైనా సరిగ్గా కొలిచే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్. మామూలు మీటరైతే ఈ ఇన్వర్టర్ ఇచ్చే, మెట్టులా ఎగిరి పడే స్క్వేర్ వేవ్‌ని దాదాపు 11 శాతం ఎక్కువ చేసి చూపిస్తుంది. నమ్మకండి.

ఇక్కడ చాలామంది ఔట్‌పుట్ వైపు వెతుకుతారు, లేదా ఇంకో రెండు మాస్‌ఫెట్లు అతికిస్తారు. నా లెక్కలో రెండూ టైమ్ వేస్ట్. ఈ ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల వైపు ఒక వోల్టు పోతే, అటు పదిహేడు దాకా పోతాయి. అంటే మనకు తగ్గిన 55 వోల్టులు ఇటు లెక్కలో మూడు వోల్టులే. ఆ మూడూ ఎక్కడ పోయాయో పట్టుకుంటే చాలు. బల్బు వెలుగుతుండగానే కొలవాలి, లోడ్ తీసేస్తే తప్పు దాక్కుంటుంది.

బ్యాటరీ టెర్మినల్స్ మీద: 12.6 ఉండేది 11.9 అయింది. 0.7 పోయింది. పాత బ్యాటరీకి మామూలే. ఇప్పుడు అదే మీటర్ బోర్డు టెర్మినల్స్ మీద పెడుతున్నా. 10.8! మధ్యలో ఉన్నవి రెండు సన్నని వైర్లు, రెండు మొసలి క్లిప్పులు. ఏడు ఆంపియర్లు పోతుంటే 1.1 వోల్టు వీటిలోనే వేడిగా మారిపోతోంది. కావాలంటే క్లిప్పు పళ్లు దగ్గర నుంచి చూడండి, బ్యాటరీ సీసం టెర్మినల్ మీద పట్టిన తెల్ల పొడిని రెండు మొనలు మాత్రమే తాకుతున్నాయి.

మాస్‌ఫెట్ల మాటకొస్తే, డ్రెయిన్ (ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిపిన కాలు) దగ్గర మల్టీమీటర్ పెట్టి మోసపోవద్దు. అది సగం టైమ్ సున్నా దగ్గర, సగం టైమ్ సప్లైకి రెట్టింపు దగ్గర ఉంటుంది. మీటర్ సగటు చూపించి, అంతా బాగుందన్నట్టు ఉంటుంది. వోల్టేజ్ అలని గీసి చూపించే ఆసిల్లోస్కోప్‌లో చూస్తే ఆన్ అయినప్పుడు 0.2 వోల్టు. అంటే వాటి తప్పేమీ లేదు. కాకపోతే ఐసీకి కూడా ఇదే లైన్ నుంచి సప్లై వస్తోంది. అది 10 కన్నా బాగా కిందికి దిగితే, మాస్‌ఫెట్‌ని ఆన్ చేసే గేట్‌కి బలం చాలక మాస్‌ఫెట్లు సగం సగం తెరుచుకుని కాలిపోతాయి. అలాంటప్పుడు మాస్‌ఫెట్‌ని తిట్టి లాభం లేదు.

మిగిలిన 1.1 వోల్టు ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో. దానికి మందు లావు తీగ చుట్టిన పెద్ద ట్రాన్స్‌ఫార్మరే.

సరే, క్లిప్పులు తీసేసి, బోల్టుకి బిగించే రింగ్ లగ్స్‌తో 6 చదరపు మిల్లీమీటర్ల వైర్, వీలైనంత పొట్టిగా వేశాను. అదే బల్బు, ఇప్పుడు 180. ఐసీ, మాస్‌ఫెట్ ఏదీ ముట్టుకోలేదు.

"9-0-9 ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే సరిపోదా?" అని అడుగుతారు. ఈ సర్క్యూట్‌కి వద్దు. ఇందులో ఔట్‌పుట్ చూసి సరిదిద్దుకునే ఫీడ్‌బ్యాక్ లేదు, లోడ్ తీయగానే 290 దాటిపోతుంది. అప్పుడు పెట్టిన చార్జర్ గోవిందా. 9-0-9 కావాలంటే ఎస్‌జీ3525 ఐసీ తీసుకుని, ఔట్‌పుట్ నుంచి ఫీడ్‌బ్యాక్ ఇచ్చి కట్టండి. దానికి 12-0-12 పెడితే మాత్రం ఫీడ్‌బ్యాక్ ఉన్నా దండగే, పెంచడానికి దాని చేతిలో ఏమీ మిగలదు.

నా మార్కులు: నేర్చుకోవడానికి పదికి ఏడు, వాడుకోవడానికి నాలుగు. బల్బులకి సరే, మోటార్లు వద్దు, స్క్వేర్ వేవ్ మీద గుయ్యిమంటూ వేడెక్కుతాయి. కట్టేవాళ్లు బ్యాటరీ ప్లస్ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. లావు వైర్ వేశాక షార్ట్ అయితే ఆపేది అదొక్కటే.