క్రిస్టీ మోసం చేయలేదు, మనమే చారు కలపలేదు

నమస్తే అండీ. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు అనేస్తారు: "ఆవిడ చివర్లో మనకి తెలియని విషయమేదో బయటికి తీస్తుంది, అంతా మోసం." వినీ వినీ విసుగొచ్చింది. ఇవాళ తేల్చేద్దాం.

ముందు చారు సంగతి చూడండి. గరిటె పెట్టి కలపకుండా వడ్డిస్తే మొదటి పంక్తికి తేట. మిరియాల పొడంతా అడుక్కి చేరి, ఆఖర్న తినేవాడికి కళ్లలో నీళ్లు. కొత్తగా ఎవరూ మిరియాలు వేయలేదు, అది గుర్తుంచుకోండి.

ఆవిడ మొదటి నవల 'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్', 1920లో వచ్చింది. హంతకుడెవరో చెప్పను, చంపిన పద్ధతి మాత్రం చెప్తాను. వందేళ్లు దాటాక కూడా స్పాయిలర్ అంటే ఎలాగండీ! ఇంటి పెద్దావిడ తాగే టానిక్‌లో కొంచెం స్ట్రిక్‌నిన్ అనే విషం ఉంటుంది. అప్పట్లో డాక్టర్లే రాసేవాళ్లు. అందులో బ్రోమైడ్ పొడి, అంటే అప్పటి నిద్రమందు, పడితే ఆ స్ట్రిక్‌నిన్ స్ఫటికాలై సీసా అడుక్కి దిగుతుంది. పైది తాగినన్నాళ్లూ ఏమీ కాదు, విషమంతా ఆఖరి మోతాదులో. అచ్చం మన చారే!

మరి క్లూ ఏదీ? చనిపోయినావిడ గదిలో డిటెక్టివ్ పువారోకి పొడిమందు తాలూకు ఖాళీ అట్టపెట్టె దొరుకుతుంది. అవసరమైతే పడుకునేముందు ఒకటి వేసుకోమని పైన రాసుంటుంది. మన కళ్లెదుటే! మనమేమో నిద్రమందు డబ్బాయే కదా అని పేజీ తిప్పేస్తాం. అదీ అడుక్కి దిగిపోతుంది.

ఇదంతా ఆవిడకి ఎలా తెలుసంటారా? మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లండ్‌లోని టార్కీ ఊరి ఆసుపత్రిలో ముందు నర్సు, తర్వాత మందులు కొలిచి కలిపే పని. 1917లో పరీక్ష కూడా పాసైంది.

"బ్రోమైడ్ కెమిస్ట్రీ మాకేం తెలుసు?" అంటారు. సరే, ఇక్కడ నేనూ ఒక మెట్టు దిగుతాను. ఆ సూత్రం పువారో చివర్లోనే చదివి వినిపిస్తాడు. కానీ ఆవిడదే 1926 నాటి నవల 'రోజర్ అక్రాయిడ్' తీసుకోండి, దానికి ఏ కెమిస్ట్రీ అక్కర్లేదు. రెండోసారి చదవండి, గరిటె అడుగుదాకా పెట్టి మరీ.

అయ్యో, టైమైపోతోంది. గబగబా చెప్పేస్తా: పాఠకుడి దగ్గర క్లూలు దాచకూడదని ఒట్టు పెట్టించిన డిటెక్టివ్ రచయితల సంఘం, డిటెక్షన్ క్లబ్, లండన్‌లో 1930లో మొదలైంది. 1957 నుంచి 1976లో పోయేదాకా దానికి అధ్యక్షురాలు ఎవరనుకున్నారు? ఈవిడే!

ఆవిడ ఒకసారి పదకొండు రోజులు కనిపించకుండా పోయిన సంగతి మాత్రం ఇప్పుడు అడక్కండి, అది ఇంకో గిన్నె చారు.