పొద్దున పట్టేసిన వేళ్లు మధ్యాహ్నానికి వదిలేస్తే జబ్బు తగ్గినట్టేనా?

నమస్కారం. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. బ్రష్షు పట్టు చిక్కదు, కుళాయి తిప్పడానికి రెండు చేతులూ కావాలి, చొక్కా గుండీల దగ్గరికి వచ్చేసరికి ప్రాణం విసిగిపోతుంది. మధ్యాహ్నానికల్లా అదే చెయ్యి చక్కగా పనిచేస్తుంది. హమ్మయ్య, తగ్గిపోయింది అనుకుంటాం. డాక్టరు దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన అక్కడితో సరి. మర్నాడు మళ్లీ అదే వరస.

కీళ్లవాతంతో వచ్చేవాళ్లను "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని అందరూ నిలదీస్తారు. నాకది అన్యాయంగా తోస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ కీళ్లవాతం చాలామందిలో మొదలయ్యే తీరే అటువంటిది. మనిషిని ఒక్కసారిగా మంచాన పడెయ్యదు. కొన్నాళ్లు బాధపెడుతుంది, కొన్నాళ్లు కనిపించకుండా పోతుంది, మళ్లీ వస్తుంది. బాధ ఉన్న పూట ఆసుపత్రి తెరిచి ఉండదు, తెరిచే వేళకు బాధ ఉండదు. ఇక వాయిదా పడక ఏమవుతుంది?

పైగా ప్రతి నొప్పికీ మన దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. నిన్న బరువు మోశాను. చెయ్యి కింద పడేసుకుని పడుకున్నాను. చలి పడలేదు. ఫోను ఎక్కువగా పట్టుకున్నాను. విడివిడిగా చూస్తే అన్నీ నమ్మదగ్గవే. కానీ వారాల తరబడి రెండు చేతుల్లోనూ అవే వేళ్ల మొదళ్లు వాస్తుంటే, నిన్న మోసిన బరువు దానికి జవాబు చెప్పలేదు.

ఇవి ముసలితనంలో వచ్చే నొప్పులన్న నమ్మకం మరో పెద్ద అడ్డంకి. వయసు పైబడ్డాక ఎక్కువగా వచ్చేది ఆస్టియో ఆర్థరైటిస్, మనం కీళ్లు అరిగిపోవడం అంటామే, అది. రుమటాయిడ్ దారి వేరు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. ముప్పై ఏళ్లకు రావచ్చు, అంతకంటే ముందూ రావచ్చు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో 2 నుంచి 3 రెట్లు ఎక్కువ. ఇంట్లో అందరి మందులూ వేళకు గుర్తుచేసే మనిషి తన చేతి వాపు సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

తేడా ఎలా తెలుస్తుంది? గడియారం చూడండి. అరుగుదల వల్ల వచ్చే బిగుతు సాధారణంగా అరగంటలోపు వదులుతుంది, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. రుమటాయిడ్‌లో విశ్రాంతి తర్వాతే బిగుసుకుంటుంది, అరగంట దాటుతుంది, తరచు గంట పైన పడుతుంది, కదిలించేకొద్దీ సడలుతుంది. వేళ్ల మొదళ్లు, నడిమి కణుపులు, మణికట్టు, పాదాల ముందు భాగం దానికి ఇష్టమైన చోట్లు. ఎవరైనా ఆప్యాయంగా చెయ్యి నొక్కి పలకరిస్తే ప్రాణం పోయినంత పనైతే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

నొప్పి మాత్రల మాట కూడా చెప్పుకోవాలి. అవి ఆ పూటకు ఉపశమనం ఇస్తాయి, కీలు దెబ్బతినడాన్ని ఆపలేవు. ఈ జబ్బు ఎముకను తినడం మొదటి రెండేళ్లలోనే మొదలుకావచ్చు. పోయిన ఎముకను మందులు వెనక్కి తేలేవు. అందుకే ఐరోపా రుమటాలజీ నిపుణుల సంఘం యూలార్, కీళ్ల వాపు మొదలైన 6 వారాల్లోపు రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతాల డాక్టరును కలవాలనీ, వాపు తగ్గకుండా ఉండిపోయే ప్రమాదం ఉన్నవారికి 3 నెలల్లోపు జబ్బునే అదుపు చేసే అసలు మందు మొదలుపెట్టాలనీ చెబుతోంది.

ఆ మందుల పేరు వింటే భయపడేవాళ్లు ఉన్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. వాటిలో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే తీసుకోవాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించుకోవాలి, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. పిల్లల కోసం చూస్తున్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఇవన్నీ కూర్చుని అడిగి తెలుసుకోవలసిన విషయాలు, అడగాలంటే ముందు వెళ్లాలి కదా. త్వరగా మొదలుపెట్టినవారిలో చాలామందికి జబ్బు పూర్తిగా అదుపులోకి వస్తుంది.

ఇంకొకటి. ఈ జబ్బు కోసం చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్షలో ఏమీ లేదని తేలితే చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆ పరీక్ష నెగటివ్‌గా వచ్చినా కొందరిలో జబ్బు ఉంటుంది. వాపు కొనసాగుతుంటే మళ్లీ వెళ్లండి.

వెళ్లేటప్పుడు పొద్దున వాచిన వేళ్లను ఫోనులో ఫొటో తీసి తీసుకెళ్లండి. ఎన్నింటికి లేచారో, పిడికిలి ఎన్నింటికి బిగించగలిగారో ఒక వారం రాసుకోండి. మీరు వెళ్లే వేళకు వాపు తగ్గిపోయినా డాక్టరుకు చూపించడానికి ఆధారం ఉంటుంది.

ఒక్క సందర్భంలో ఈ రాసుకోవడాలేవీ వద్దు. ఒకే కీలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచి, కదపలేకుండా ఉంటే, అందులోనూ జ్వరం తోడైతే, అది కీలులో చీము పట్టడం కావచ్చు. రోజుల్లోనే కీలును పాడుచేస్తుంది. అదే రోజు, అర్ధరాత్రి అయినా సరే, ఆసుపత్రికి వెళ్లండి.