ఆర్ కార్డు ఉన్న ఇల్లు

శ్రోతలకు నమస్కారం. విశాఖపట్నంలో కూర్మన్నపాలెం వైపు ఏ పాత ఇంటికి వెళ్లినా, బీరువాలో పట్టా కాగితాల మధ్య ప్లాస్టిక్ కవర్లో దాచిన ఒక కార్డు చూపిస్తారు. దాన్ని అక్కడివాళ్లు ఆర్ కార్డు, అంటే పునరావాస (రీహాబిలిటేషన్) కార్డు అంటారు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన నిర్వాసిత కుటుంబానికి ఉద్యోగమిస్తామన్న మాటకు అదే ఆధారం.

విశాఖకు 1933లో ఓడరేవు వచ్చింది. తర్వాత షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ వచ్చాయి. కానీ ఊరి రూపురేఖలు మార్చింది మాత్రం ఉక్కే. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో జనం రోడ్డెక్కారు, టి. అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఉద్యమంలో పోయినవాళ్ల త్యాగాన్ని ఏటా తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. అయితే పొలం వదిలిన వాళ్లను అంతగా తలుచుకోం. నాకు బాధ కలిగించేది అదే.

ఫ్యాక్టరీ కోసం ఖాళీ అయినవి 64 ఊళ్లు. వరి మళ్లు, జీడితోటలు, గుడి ముందు రావిచెట్టు, అన్నీ ప్రహరీ గోడ లోపలికి వెళ్లిపోయాయి. జనం వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీలకు చేరారు. ఫ్యాక్టరీ ఉద్యోగులకేమో ఉక్కునగరంలో చెట్ల నీడన క్వార్టర్లు లేచాయి. ఫ్యాక్టరీకి నీళ్లు మాత్రం 153 కిలోమీటర్ల కాలువలో ఏలేరు జలాశయం నుంచి రావాలి. ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి రైల్లో రావాలి, ఎందుకంటే ఇంత పెద్ద ఫ్యాక్టరీకి సొంత ఇనుప గనుల్లేవు. నష్టాలు వచ్చిన ప్రతిసారీ కార్మికుణ్ణి వేలెత్తి చూపేవాళ్లు ఈ సంగతి ముందు చెప్పాలి.

లోపల మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలుములు. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పంట పండిన నేల మీద కొలిమికి అన్నపూర్ణ అని పేరు పెట్టారు!

2021లో కేంద్రం ఫ్యాక్టరీని ప్రైవేటుపరం చేస్తామనగానే కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం వెలిసింది. కార్మికులతో పాటు నిర్వాసితులూ వచ్చి కూర్చున్నారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఫ్యాక్టరీ నిలబడాలని నేను మనసారా కోరుకుంటాను. ఆర్ కార్డు చేతిలో పట్టుకుని ఉద్యోగ వయసు దాటిపోయిన వాళ్ల లెక్క కూడా తేల్చాలి.

ఆ మధ్య ఒక తాతగారు డాబా మీద నిలబడి, పొగ గొట్టాల వైపు చెయ్యి చాచారు. "ఆ రెండో గొట్టం ఉంది చూడండి బాబూ, మా నుయ్యి అక్కడే ఉండేది," అన్నారు.