అమ్మ పలికే ఫోను, పలకని ఫోను

నమస్కారం. చిన్నపిల్లల చేతికి ఫోన్ ఇవ్వొచ్చా, వద్దా? ఈరోజు దాని గురించే మాట్లాడదాం. ముందు ఒక ఇంట్లో నేను చూసింది చెబుతాను.

పోయిన వారం కోసిగి దగ్గర మా మేనత్త వాళ్ల ఊరికి పోయి నాలుగు రోజులు ఉన్నాను. పక్కింట్లో ఏడాదిన్నర పిల్లోడు, వాళ్ల అవ్వ, ఇద్దరే ఉంటారు. అమ్మానాన్నలు సుగ్గికి పోయారు. కర్నూలు జిల్లా పడమటి ఊళ్లు తెలిసినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. పంట చేతికి రాకపోతే ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. పసిబిడ్డలు ముసలివాళ్ల దగ్గర మిగిలిపోతారు.

రాత్రి ఏడున్నరకు వీడియో కాల్ వచ్చింది. అవ్వ ఫోన్ పట్టుకుంది. తల్లి ముఖం కనపడగానే పిల్లోడు లోపలికి ఉరికి ఒక చెప్పు తెచ్చి తెర ముందు పెట్టాడు. "ఎవురిది నాయనా ఆ చెప్పు? అవ్వదా?" అని వాళ్లమ్మ అడిగింది. వాడు "అవ్వ" అన్నాడు. "అవ్వ చెప్పు నువ్వు తెచ్చినావా? మరి అవ్వ ఎట్లా నడస్తాది?" అంది. వాడు అవ్వ కాళ్ల వైపు చూశాడు. ఆ చిన్న బుర్రలో ఏదో కదిలింది. నా కళ్లముందే కదిలింది.

పది నిమిషాలకు సిగ్నల్ పోయింది. పిల్లోడు ఏడుపు అందుకున్నాడు. అవ్వ పాపం, ఏం చేస్తుంది? పక్కింటి పిల్లలు నేర్పించినట్టు వేలితో ఒక బొమ్మల వీడియో నొక్కింది. ఏడుపు టక్కున ఆగిపోయింది. చేతిలో చెప్పు కింద పడింది. ఆ తర్వాత అరగంట సేపు ఆ పిల్లోడి నోట ఒక్క మాట రాలేదు.

ఫోన్ అదే, పట్టుకున్న చేయి కూడా అదే. మొదటి పది నిమిషాల్లో అది బిడ్డకు అమ్మను తెచ్చింది. తర్వాతి అరగంటలో బిడ్డ మాటను పట్టుకుపోయింది. అందుకే నేను అడిగేది ఒక్కటే: తెర అవతల బిడ్డకు బదులు పలికే మనిషి ఉన్నారా? ఉంటే ఇవ్వండి. లేకపోతే రెండేళ్లు నిండేదాకా ఇవ్వొద్దు.

డాక్టర్లు చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండో ఏడు నడుస్తున్న పిల్లలకూ వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండేళ్లలోపు వద్దంటూనే ఒక్కదానికి వెసులుబాటు ఇచ్చింది. అప్పుడప్పుడు అయినవాళ్లతో వీడియో కాల్ మాట్లాడించవచ్చు అంది. ఆ వెసులుబాటు ఎందుకో ఆ చెప్పు చూసినప్పుడు నాకు అర్థమైంది.

"వీడియోలు చూస్తే ఇంగ్లీషు వస్తుంది కదా" అని చాలామంది అంటారు. నేనూ ఒకప్పుడు అన్నాను. దీన్ని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని సియాటెల్‌లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. కొందరికి మనిషే ఎదురుగా కూర్చుని, బొమ్మలు చూపిస్తూ మాట్లాడింది. కొందరికి అవే మాటలు టీవీలో వినిపించారు. పన్నెండు సార్లు కూర్చోబెట్టారు. మనిషి దగ్గర కూర్చున్న పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడాను పట్టుకున్నారు. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఏమీ అంటలేదు. ఇది 2003 నాటి సంగతి.

2014లో ఇంకో పరిశోధన వచ్చింది. రెండు, రెండున్నరేళ్ల పిల్లలకు కొత్త మాటలు నేర్పారు. ఎదురుగా ఉన్న మనిషి నేర్పితే నేర్చుకున్నారు, వీడియో కాల్‌లో నేర్పినా నేర్చుకున్నారు. ముందే రికార్డు చేసిన వీడియోతో మాత్రం నేర్చుకోలేదు. ఎందుకంటే రికార్డు చేసిన మనిషి బిడ్డ కోసం ఆగదు. బిడ్డ "ఊ" అంటే తిరిగి "ఊ" అనదు. బిడ్డ చెప్పు చూపిస్తే "ఎవురిది నాయనా" అని అడగదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా పాపకు ఎనిమిదో నెల నుంచి ఫోన్ చూపిస్తూ బువ్వ తినిపించాను. నేను ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడతాను. పండగల ముందు తల ఎత్తడానికి తీరిక ఉండదు. ఫోన్ పెడితే గిన్నె ఖాళీ అయ్యేది, జాకెట్లు టైంకు పూర్తయ్యేవి. రెండేళ్లు నిండేసరికి పాప "రెడ్", "బ్లూ" అనేది. దాహమైతే "నీళ్లు" అనడం మాత్రం రాలేదు. నా చేయి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కుపోయేది.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ముందు వినికిడి పరీక్ష చేయించమన్నారు. చెవులు బాగానే ఉన్నాయి. అప్పుడు నన్ను ఒక ప్రశ్న అడిగారు: "రోజంతా పాపతో ఎవరు మాట్లాడతారమ్మా?" మా ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న ఇప్పటికీ నాకు నిద్రలో గుర్తొస్తుంది.

ఆ రోజు నుంచి ఫోన్ ఆపేశాం. మొదటి మూడు రోజులు నరకం. పాప ముద్ద ముట్టలేదు, నేలమీద పడి పొర్లింది. మా అత్తమ్మ "ఇచ్చేయమ్మా, ఆకలికి సచ్చిపోతాది బిడ్డ" అని తనూ ఏడ్చింది. నాలుగో రోజు నేను తినే ఉగ్గాని పళ్లెంలోకి పాప చేయి వచ్చింది, తనంతట తనే. అప్పటిదాకా ఎనిమిదో నెల నుంచి ఆ బిడ్డ తెర చూస్తూ నోరు తెరిచింది తప్ప, ఆకలి ఎట్లా ఉంటుందో, కడుపు నిండితే ఎట్లా ఉంటుందో తెలుసుకునే వీలు నేను ఇవ్వలేదు. రెండు నెలల తర్వాత "అమ్మా, నీళ్లు" అంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ఫోనే కారణం అని నేను అనను. వినికిడి లోపం ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. ఫోన్ చూపిస్తే ఆటిజం వస్తుందని కొందరు తల్లులను భయపెడుతున్నారు. ఆటిజం అంటే బిడ్డ మాట్లాడటం, నలుగురితో కలవడం వేరుగా ఉండే స్థితి. అది మెదడు ఎదుగుదలలో చాలా ముందే మొదలయ్యేది. ఆ బిడ్డల తల్లుల మీద ఈ నింద వేయడం అన్యాయం. రెండేళ్లు నిండినా బిడ్డ రెండు మాటలు కలిపి చెప్పకపోతే మాత్రం "వాళ్ల నాయనకు కూడా లేటుగానే వచ్చాయి" అని కూర్చోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి వచ్చి పిల్లల ఎదుగుదల చూసే బృందాలు ఉంటాయి. అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి. వినికిడి పరీక్ష మొదట చేయించండి.

ఏడుపు ఆపడానికి ఫోన్ ఇవ్వడం ఇంకో సమస్య. ఏడ్చే బిడ్డకు మన ఒడిలో సర్దుకోవడం అలవాటు కావాలి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద అమెరికాలో చేసిన ఒక పరిశోధనలో, శాంతపరచడానికి తరచుగా ఫోనో ట్యాబో ఇచ్చిన పిల్లల్లో చిన్నదానికే కోపతాపాలు పెరగడం కనిపించింది. మగపిల్లల్లో ఇంకా ఎక్కువగా కనిపించింది.

మన చేతిలో ఫోన్ సంగతి కూడా చెప్పాలి. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే ఆయన తల్లులను రెండు మూడు నిమిషాలు బిడ్డ ఎదురుగా ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోమన్నాడు. పసిబిడ్డలు నవ్వారు, చేతులు చాపారు, ఎంతకూ తల్లి పలకకపోతే ముఖం తిప్పేసుకున్నారు, కొందరు ఏడ్చారు. రీల్స్ చూసేటప్పుడు మన ముఖం ఎట్లా ఉంటుందో ఒకసారి అద్దంలో చూసుకోండి. అచ్చం ఆ తల్లుల ముఖమే.

రెండేళ్లు దాటాక పక్కన కూర్చుని కాసేపు చూపించండి, చూస్తున్నదాని గురించి మాట్లాడండి. పగలు కొంతసేపు బయట వెలుతురులో ఆడనివ్వండి, కళ్లకూ మంచిది. దీని మీద నాకు అంతకంటే పెద్దగా గొడవ లేదు. నా బాధంతా మాటలు ఇంకా రాని పిల్లల గురించే.

ఆ అవ్వకు మోకాళ్ల నొప్పులు. పిల్లోడి వెంట ఉరకలేదు. ఆమెను "ఫోన్ ఇవ్వొద్దవ్వా" అని చెప్పేసి వచ్చేయడం నాకు సరి అనిపించలేదు. మరుసటి రాత్రి కాల్ వచ్చినప్పుడు వాళ్లమ్మతో మాట్లాడాను. కాల్ పెట్టేసే ముందు ఆమె పిల్లోడికి ఒక పని చెప్పాలి. అవ్వ ఫోన్‌ను గూట్లో పెట్టేయాలి. ఆమె సరేనంది. "నాయనా, మేకపిల్ల ఆకు తినిందో లేదో చూసి రేపు నాకు చెప్పు" అంది.

ఆ రాత్రి ఏడ్చాడు. తర్వాతి రాత్రి గూడు వైపు చూపిస్తూ కాసేపు ఏడ్చి, అవ్వ కొంగు పట్టుకుని మేకపిల్ల దగ్గరికి పోయాడు. నేను బయల్దేరే ముందు రాత్రి ఫోన్ మోగగానే ఇంట్లోకి రాకుండా బయటికి ఉరికాడు. మేకపిల్లను చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చి తెర ముందు నిలబెట్టి "మ్మే" అన్నాడు. అవతల మిరప చేను గట్టు మీద కూర్చున్న వాళ్లమ్మ కూడా "మ్మే" అంది.