గీత గీసిన చేతులు

అందరికీ నమస్కారం. మ్యూజియంలో పాత కొలత పరికరాలను చూస్తే కన్ను ముందు ఇత్తడి మెరుపు మీదికే పోతుంది. ఈసారి అంచున ఉన్న సన్నటి గీతల్ని చూడండి. టెలిస్కోపు ఎంత గొప్పదైనా ఆ గీతలు తప్పితే లెక్కంతా తప్పే.

18వ శతాబ్దపు లండన్‌లో ఈ గీతలు గీసే పనిలో జాన్ బర్డ్‌ది అందె వేసిన చేయి. నేతపని నుంచి వచ్చినవాడు. 1750లో గ్రీనిచ్ వేధశాలకు 8 అడుగుల వ్యాసార్ధమున్న క్వాడ్రంట్ (నక్షత్రాల ఎత్తును కోణంలో కొలిచే పావు వృత్తపు పరికరం) చేసిచ్చాడు. అంత పెద్ద చాపం మీద కూడా ఒక సెకను కోణమంటే, అంటే డిగ్రీలో 3,600వ వంతంటే, మిల్లీమీటరులో 80వ వంతు ఉంటుందేమో!

కంపాస్‌తో 60 డిగ్రీలు తేలిగ్గా వస్తాయి. వ్యాసార్ధమంత దూరం చాపం మీద పెడితే చాలు. సగం చేస్తే 30, మళ్లీ సగం 15. తర్వాత? ఏడున్నర! ఒక్క డిగ్రీకి చేరాలంటే 3 భాగాలు, 5 భాగాలు చేయాలి. సగం చేసినంత నమ్మకంగా అది కుదరదు. అందుకే బర్డ్‌కు ముందే లండన్ గడియారాల తయారీదారు జార్జ్ గ్రాహం ఒక ఉపాయం పన్నాడు. లంబకోణాన్ని 90 కాదు, 96 భాగాలు చేశాడు. అప్పుడు 60 డిగ్రీలకు 64 భాగాలొస్తాయి. సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి దగ్గర తేలతాం. బర్డ్ 90 భాగాలది, 96 భాగాలది రెండు స్కేళ్లూ పక్కపక్కనే గీశాడు, ఒకదానితో ఇంకోదాన్ని సరిచూసుకోవచ్చని. ఈ ఉపాయం నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇక వేడి. 8 అడుగుల ఇత్తడి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే మిల్లీమీటరులో 20వ వంతు సాగుతుంది. కంపాస్ వెచ్చగా, చాపం చల్లగా ఉంటే 4 సెకన్ల కోణం గల్లంతే. పనిచేసేవాడి ఒంటి వేడి కూడా టెన్షనే.

తర్వాత జెస్సీ రామ్స్‌డెన్ వచ్చాడు. చెప్పిన రోజుకు వస్తువివ్వడం ఆయన జాతకంలోనే లేదు. భూమి సర్వే చేసే జనరల్ రాయ్ ఒక థియోడొలైట్ (సర్వేలో కోణాలు కొలిచే పరికరం) కోసం 3 ఏళ్లు కాచుక్కూర్చున్నాడు. కానీ 1775 నాటికి రామ్స్‌డెన్ చేసిన, గీతలను సమాన దూరాల్లో గీసే విభజన యంత్రం ఈ పని తీరునే మార్చేసింది. 45 అంగుళాల చక్రం, అంచున 2,160 పళ్లు, వాటిని తిప్పే మర (స్క్రూ). మర 6 చుట్లు తిరిగితే చక్రం ఒక డిగ్రీ కదులుతుంది. సముద్రంలో రేఖాంశం కనుక్కునే పద్ధతులను ప్రోత్సహించే ప్రభుత్వ సంస్థ లాంగిట్యూడ్ బోర్డు ఆయనకు 615 పౌన్లిచ్చి, ఇతర తయారీదారుల సెక్స్‌టెంట్లకు (నావికులు కోణాలు కొలిచే పరికరాలకు) కూడా నిర్ణయించిన ధరకే గీతలు గీసిపెట్టాలని షరతు పెట్టింది.

మరి ఆ చక్రం మీద పళ్లకు గుర్తులు ఎవరు పెట్టారు? రామ్స్‌డెనే, కంపాస్ పట్టుకుని. ముందు 5 భాగాలు, ఒక్కోదాన్ని 3 చేసి, ఆపైన 4 సార్లు సగం చేశాడు. మొత్తం 240, ఒక్కో దాంట్లో 9 పళ్లు.