ఫోన్‌లో బ్రౌజర్‌ను మనమే ఎంచుకోవడం గురించి
(ఒంగోలులో జరిగిన పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, పాఠక మిత్రులకు, టంగుటూరు, కొండపి వైపు నుంచి వచ్చిన రైతు సోదరులకు, విద్యార్థులకు నమస్కారం.

పొగాకు వేలం ధరలు, రొయ్యల కౌంటు ధరలు, అడంగల్, 1బి నకళ్లు, ఈఏపీసెట్ ర్యాంకు కార్డు, ఇలా మన జిల్లాలో ఏ పని పడినా ముందు ఫోన్‌లో వెబ్ పేజీలు చూపించే యాప్‌ను, అంటే బ్రౌజర్‌ను తెరుస్తున్నాం. ఆ బ్రౌజర్‌ను మాత్రం మనలో ఎక్కువమంది ఎంచుకోలేదు. కొన్ననాడే ఫోన్‌లో ఉంది కాబట్టి వాడుతున్నాం. ప్లే స్టోర్ కావాలనుకున్న ఫోన్ తయారీదారు గూగుల్ వారి బ్రౌజర్ క్రోమ్‌తో సహా ఆ సంస్థ యాప్‌లను మూకుమ్మడిగా పెట్టవలసి వచ్చేది. ఇలాంటి ఒప్పందాలపైనే వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. తయారీదారులు ఒక్కో యాప్‌ను విడిగా తీసుకునే వీలు కల్పిస్తామని గూగుల్ 2023 జనవరిలో ప్రకటించింది కూడా. అయితే ఇప్పటికే మన చేతిలో ఉన్న ఫోన్‌ను మార్చుకోవలసింది మనమే.

క్రోమ్ చెడ్డదని నేను చెప్పడం లేదు. భద్రతా లోపం బయటపడితే దానికి సవరణ త్వరగా వస్తుంది, ఇంగ్లీషు పేజీని తెలుగులోకి మార్చి చూపిస్తుంది. నా అభ్యంతరం ఒక్కటే. గూగుల్ ఆదాయంలో అధిక భాగం ప్రకటనల నుంచి వస్తుంది, ఫోన్‌లోని క్రోమ్‌లో ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్‌ను, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్‌ను, చేర్చుకునే ఏర్పాటు లేదు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాను.

దీని ఫలితం ఎలా ఉంటుందో రొయ్యల ధరల పేజీ ఒకటి తెరిస్తే తెలుస్తుంది. 100 కౌంటు ధర చూద్దామని వేలు కిందికి జరుపుతుంటే మధ్యలో ఒక ప్రకటన వచ్చి పట్టికను కప్పేస్తుంది. దానిని మూసే గుర్తు ఆవగింజంత ఉంటుంది. వేలు కాస్త పక్కకు పడితే ఇంకో ట్యాబ్ తెరుచుకుని, "మీ ఫోన్‌లో వైరస్ ఉంది, వెంటనే ఈ యాప్ వేసుకోండి" అని భయపెడుతుంది. కళ్లజోడు లేకుండా చదవలేని పెద్దవారు నిజమేననుకుని సరే అని నొక్కేస్తారు. మోసగాళ్లకు దారి దొరికేది ఇక్కడే. అదే పేజీని ఫైర్‌ఫాక్స్ అనే మరో బ్రౌజర్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ చేర్చుకుని తెరిస్తే చాలావరకు పట్టికే మిగులుతుంది, డేటా ఖర్చూ తగ్గుతుంది. ప్రకటనలు అడ్డుకోవడాన్ని చాలామంది సుఖం కోసమని అనుకుంటారు. మన ఇళ్లలో అది పెద్దవారి డబ్బుకు రక్షణ అని నా నమ్మకం.

ఇక ఎంపిక సంగతి. ప్లే స్టోర్‌లో బ్రౌజర్ అని వెతికితే పేర్లు కుప్పలుగా కనిపిస్తాయి కానీ, పేజీని తెరపై గీసే లోపలి ఇంజిన్లు మాత్రం కొన్నే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ, శామ్‌సంగ్ ఇంటర్నెట్ అన్నీ ప్రధానంగా గూగుల్ తయారుచేసే క్రోమియం మీద కట్టినవే. ఫైర్‌ఫాక్స్‌కు గెకో అనే సొంత ఇంజిన్ ఉంది. ఐఫోన్ వాడేవారు గమనించవలసింది మరొకటి: మన దేశంలో ఐఫోన్‌లో ఏ పేరున్న బ్రౌజర్ వేసుకున్నా లోపల పనిచేసేది యాపిల్ వారి వెబ్‌కిట్టే. అన్ని సైట్లూ ఒకే ఇంజిన్‌కు సరిపడేలా తయారైతే, రేపు వెబ్ ఎలా నడవాలో ఒక్క సంస్థే నిర్ణయిస్తుంది. అందుకే ఆండ్రాయిడ్ వాడేవారికి నేను మొదట సూచించేది ఫైర్‌ఫాక్స్. దానిని నడిపే మొజిల్లాకు కూడా ఆదాయంలో పెద్ద భాగం గూగుల్‌తో ఉన్న సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుందన్న సంగతిని దాచకుండా చెప్పి మరీ సూచిస్తున్నాను.

ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగ్‌లు మాకెందుకు అనుకునేవారికి బ్రేవ్ తేలిక. ప్రకటనలను, మనం ఏ సైట్లు చూస్తున్నామో వెంటాడి గమనించే ట్రాకర్లను అది వేసుకున్న క్షణం నుంచే ఆపుతుంది. క్రిప్టో వాలెట్, రివార్డులు అంటూ అందులో కనిపించే వాటి జోలికి వెళ్లనవసరం లేదు. తక్కువ ర్యామ్ ఉన్న పాత ఫోన్‌కు, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్లకు ఒపెరా మినీ అక్కరకు వస్తుంది. అయితే డేటాను బాగా ఆదా చేసే పద్ధతిలో పేజీ ముందు ఆ సంస్థ సర్వర్‌కు వెళ్లి, అక్కడ కుదించబడి మన ఫోన్‌కు వస్తుంది. వార్తలు చదవడానికి ఇబ్బంది లేదు కానీ బ్యాంకు పాస్‌వర్డ్‌ను ఆ దారిన పంపవద్దు. ఒకప్పుడు ఇక్కడ చాలా ఫోన్లలో కనిపించిన యూసీ బ్రౌజర్‌ను 2020 జూన్ 29న కేంద్రం మరో 58 యాప్‌లతో పాటు నిషేధించింది. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలుతో (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా వేసే ఫైలుతో) దానిని గానీ మరేదైనా బ్రౌజర్‌ను గానీ వేసుకోవద్దు.

బ్రౌజర్‌లో ఉండే ఇన్‌కాగ్నిటో అనే రహస్య పద్ధతి గురించి విద్యార్థులకు ఒక మాట. అది మీ ఫోన్‌లో చరిత్రను మిగల్చదు, అంతవరకే. మీరు చూసిన సైట్‌కు, మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, కళాశాల వైఫై నడిపేవారికి మీ రాకపోకలు తెలియకుండా అది ఆపలేదు.

కొత్త బ్రౌజర్ వేసుకోగానే పాతదానిని తీసేయాలని తొందరపడకండి. కొన్ని ప్రభుత్వ సైట్లు క్రోమ్‌లోనే సరిగ్గా తెరుచుకుంటాయి, అనువాదానికి కూడా అది అవసరం కావచ్చు. ఒకటి రెండు వారాలు రెండూ ఉంచుకుని, మీరు రోజూ చూసే సైట్లను కొత్తదానిలో తెరిచి, తెలుగు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా, పీడీఎఫ్ దిగుతోందా చూసుకున్నాక, సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ తెరిచి మార్చుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నొక్కిన లింకులు మాత్రం అప్పటికీ వాటి లోపలే తెరుచుకుంటాయి. పై మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి, బయటి బ్రౌజర్‌లో తెరిచే వీలు ఎంచుకోవడం అలవాటు చేసుకోవాలి.

బ్రౌజర్ మార్చినా మార్చకపోయినా, ఇంట్లో పెద్దవారి ఫోన్ ఒకసారి తీసుకుని క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. వేళాపాళా లేకుండా వచ్చే లాటరీ సందేశాలు, అప్పు ఇస్తామనే కబుర్లు తరచుగా అక్కడ అనుమతి పొందిన సైట్ల నుంచే వస్తుంటాయి. తెలియని పేరు ఏది కనిపించినా అనుమతి తీసేయండి. చేయడం తెలియనివారు సభ అయ్యాక ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వస్తే, ఇక్కడే కూర్చుని కలిసి చేద్దాం.